లావుపాటి బొమ్మ
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నరసరావుపేటలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డి.ఎ. బకాయిల గురించి మాట్లాడే నేను ఈసారి ఒక చిత్రకారుని గురించి చెబుతాను. నేను కళావిమర్శకుణ్ణి కాను. ఫైళ్ళకు నోటు పెట్టి రిటైరయిన గుమాస్తాను. తప్పులుంటే మన్నించాలి.

ఆ చిత్రకారుడు తోట వైకుంఠం గారు. 1942లో నాటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించారు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి వద్ద శిక్షణ పొందారు. 1988వ సంవత్సరానికి ‘దాసి’ చిత్రం ద్వారా కళాదర్శకునిగా జాతీయ అవార్డు అందుకున్నారు. ఎంత దూరం వెళ్ళినా ఆయన గీసింది తన తల్లినీ, తన ఊరి ఆడవాళ్ళనూ తలచుకునే. నల్లని నిండైన ఒళ్ళు, గుండ్రని భుజాలు, ఎర్రని చీర, నుదుట పెద్ద బొట్టు.

హైదరాబాదులో మా అమ్మాయి ఇంట ఆ బొమ్మ మొదటిసారి చూశాను. మన మాచర్ల దగ్గరి నాగార్జునకొండ శిల్పాల్లో సన్నని నడుములు చూసిన కళ్ళాయె, వింతగా తోచింది. “తాతయ్యా, ఈవిడ ఎందుకింత లావు?” అని మనవరాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో గురజాలలో ఉండేవాణ్ణి. ఒకనాడు మా అమ్మ ఊరినుంచి బస్సులో క్యారియర్ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. భారీ మనిషి. రూపాయంత బొట్టు. ఆయాసపడుతూ మెట్లెక్కుతుంటే ఎవరో నవ్వారు. “ఎవరండీ ఆవిడ?” అని అడిగితే “మా ఊరావిడ” అన్నాను. అమ్మ విన్నది. క్యారియర్ బల్లమీద పెట్టి, “చల్లారకముందే తినండి బాబూ” అని వెళ్ళిపోయింది. కన్నకొడుకుని ‘అండీ’ అన్నది. మళ్ళీ నా ఆఫీసు గడప తొక్కలేదు. ఆ మాట ఎత్తకుండానే కాలం చేసింది. నేనూ క్షమించమని అడగలేదు.

కొలంబియా దేశంలో బొతేరో అని ఒక చిత్రకారుడు, శిల్పి ఉండేవారు. 1932లో పుట్టి 2023లో కన్నుమూశారు. మనుషులనూ, గుర్రాలనూ, పళ్ళనూ సైతం బొద్దుగా గుండ్రంగా చేసేవారు. లావు మనుషులను గీస్తారేమని అడిగితే, తాను గీసేది లావును కాదు, ఆకృతిలోని నిండుదనాన్ని అనేవారట. అక్షరం ముక్క రాని మా అమ్మ ఒంట్లో ఆ నిండుదనమే ఉన్నదని ఆనాడు నాకు తెలియలేదు. వైకుంఠం గారు తన తల్లిని గోడమీద నిలబెట్టి లోకానికి చూపించారు. నేను నలుగురి ముందు దాచుకున్నాను.

ఆరోజు మనవరాలితో, “ఈవిడ మీ ముత్తవ్వలా ఉందమ్మా” అని మాత్రం అన్నాను. మిగతాది ఈరోజే, మీ ముందే చెబుతున్నాను. సభలో వెనుక వరుసలో పిల్లలతో వచ్చిన తల్లులున్నారు. వారిని ముందుకు పిలిచి కూర్చోబెట్టవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.