వీణకి రెండు మైకులు ఎక్కడ పెట్టాలి? ఫోన్ స్పీకర్ టెస్ట్

ఇవాళ వీణని స్టీరియోలో రికార్డ్ చేద్దాం. "రెండు మైకులు దూరదూరంగా పెడితే సౌండ్ వెడల్పుగా వస్తుంది కదా" అని చాలామంది అడుగుతున్నారు. హెడ్‌ఫోన్స్‌లో వస్తుంది. కానీ మన వీడియో చూసేవాళ్ళలో ఎంతమంది హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారు? చాలా ఫోన్లలో ఉండేది ఒక్క స్పీకరే. లెఫ్ట్, రైట్ రెండూ అందులో కలిసిపోతాయి. అంటే మోనో అన్నమాట.

అసలు సమస్య ఇక్కడే. శబ్దం ఒక మైక్ కంటే రెండో మైక్‌కి 34 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణం చేసిందనుకోండి, దాదాపు 1 మిల్లీసెకను లేటు. రెండూ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి వెళ్తుంటే ఇంకోటి కిందకి వెళ్తుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వీణ నాదం పల్చబడిపోతుంది. దీన్ని తర్వాత ఈక్యూతో సరిచేయడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్ళు వాయించింది మళ్ళీ దొరక్కపోవచ్చు కూడా.

అందుకే నా ఛాయిస్ ఎక్స్‌వై. ఒకే మోడల్ కార్డియాయిడ్ కండెన్సర్ మైకులు రెండు తీసుకోండి, చిన్న డయాఫ్రమ్‌వి. తలలు ఒకదానిపై ఒకటి వచ్చేలా, మధ్యలో 90 డిగ్రీల కోణం ఉండేలా పెట్టండి. శబ్దం రెండింటికీ దాదాపు ఒకేసారి చేరుతుంది కాబట్టి మోనోలోనూ నిలబడుతుంది. ఇంకాస్త వెడల్పు కావాలంటే ఓఆర్‌టీఎఫ్ ఉంది. ఫ్రెంచ్ రేడియోవాళ్ళ పద్ధతి: 17 సెంటీమీటర్ల దూరం, 110 డిగ్రీలు. ఇందులో కొంచెం టైమ్ తేడా ఉంటుంది, కాబట్టి చెక్ చేసుకోవాలి.

ఇక ప్లేస్‌మెంట్. వాయించేవాళ్ళు నేల మీద కూర్చుంటారు కదా, స్టాండ్ కిందకి దించండి. ఎదురుగా రెండు మూడు అడుగుల దూరంలో, వీణ కంటే కాస్త పైనుంచి కిందకి చూసేలా పెట్టండి. గురి కుండకీ మెట్లకీ మధ్యలో. కుండకి మరీ దగ్గరైతే సౌండ్ గుమ్మంటుంది, మెట్ల వైపు జరిగితే వేళ్ళ రాపిడి ఎక్కువ వినిపిస్తుంది. కింద జంపఖానా పరవండి, ఫ్యాన్ ఆపేయండి.

ముందు ఒక్క నిమిషం రికార్డ్ చేసి, మోనోలోకి మార్చి, ఫోన్ స్పీకర్‌లో వినండి. మంద్రం తగ్గిందా అని కాదు, చిన్న స్పీకర్‌లో అది ఎలాగూ తగ్గుతుంది. గమకం మధ్యలో స్వరం డొల్లగా అవుతోందా అని చూడండి. అవుతుంటే మైకులు దగ్గరికి జరిపి, మళ్ళీ వినండి. అది ఓకే అయ్యాకే అసలు టేక్.

మీ దగ్గర ఏ వాయిద్యం ఉందో కామెంట్‌లో చెప్పండి.