చెరిపినా పోని పుస్తకం
(స్వర్ణోత్సవ సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)

కంప్యూటర్ గురించి మాట్లాడతానని కంగారు పడకండి, చెప్పేది మన బడి గురించే.

ఈ సంచిక కోసం వివరాలు పోగు చేస్తుంటే, లైబ్రరీ గది ఎవరి హయాంలో కట్టారన్న ప్రశ్నకు మూడు సమాధానాలు వచ్చాయి. మూడూ వాట్సాప్‌లోనే. నాలుగు రోజుల్లో గుడ్ మార్నింగ్ బొమ్మల కింద కూరుకుపోయాయి. అంతకుముందు మనకో వెబ్‌సైట్ ఉండేది. నడిపిన సంస్థ మూతపడ్డాక ఫోటోలూ, మాస్టార్లు రాసిచ్చిన జ్ఞాపకాలూ దాంతోపాటే పోయాయి. ఆ మాస్టార్లలో ఇద్దరిని మళ్లీ అడిగే వీలు ఇక లేదు.

అందుకే మన సొంత యంత్రం మీద వికీ పెట్టాను. ఎవరైనా చదివి, అక్కడే దిద్దగలిగే పేజీలను వికీ అంటారు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదలుపెట్టిన పద్ధతి. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని. తెలుగు వికీపీడియా మీకు తెలిసిందే.

మన దాంట్లో ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఆ ఫైళ్లకు కాపలా గిట్. లినక్స్ పని కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన సాఫ్ట్‌వేర్ అది. ఆఫీసు రిజిస్టర్‌లో తప్పు పడితే వైట్‌నర్ పూయరు కదా, ఒక గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెడతారు. గిట్ చేసేదీ అదే. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఉంచుతుంది. లైబ్రరీ గది మీద మూడు మాటలూ ముగ్గురి పేర్లతో ఉంటాయి.

రాస్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్‌లో గొల్లం అనే వికీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. పేరు చూసి నవ్వకండి, పని మంచిదే. అయితే ఊరికే పెడితే అది పాస్‌వర్డ్ అడగదు, మార్పులన్నీ ఒకే పేరు మీద రాసుకుంటుంది. అందుకని ముందు ఎంజిన్‌ఎక్స్ పెట్టి, ఎవరి లాగిన్ వారికిచ్చి, ఆ పేరే మార్పుల చిట్టాకు చేరేలా కలిపాను. పెద్ద ఫోటోలతో గిట్ ఉబ్బిపోతుంది, వాటిని విడిగా దాస్తున్నాం. మొత్తం చరిత్రతో సహా నకళ్లు మరో మూడిళ్లలో ఉన్నాయి. రేపు బడి మీద పిడుగు పడ్డా ఒక్క అక్షరం పోదు.

పోకపోవడంలోనే చిక్కు కూడా ఉంది. ఫోన్ నంబర్లు, చిరునామాలు పెట్టమని చాలామంది అడిగారు. వద్దన్నాను. పేజీలోంచి తీసేసినా పాత ప్రతుల్లో ఉండిపోతాయి. పూర్తిగా తుడవాలంటే చరిత్రనే తిరగరాసి, నకళ్లన్నీ మార్చాలి. మార్కులూ వద్దు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన అమ్మాయి ఎందుకు మానేసిందో మనలో కొందరికి తెలుసు. ఆమె రాయమంటేనే రాయాలి. ఈ నియమం నచ్చనివారు నాతో పోట్లాడవచ్చు, నేను మాత్రం మార్చను.

మాస్టార్లు టైపు చేయనక్కర్లేదు. కాగితం మీద రాసివ్వండి, పదో తరగతి పిల్లలు ఎక్కిస్తారు. కింద మీ పేరే ఉంటుంది.

ఇక నాకు ఇద్దరు మనుషులు కావాలి. నెలకోసారి అప్‌డేట్లు చూసి, నకళ్లు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించాలి. నేను ఊళ్లో లేనప్పుడు కూడా ఇది నడవాలి. భోజనాల దగ్గర పేర్లు ఇవ్వండి.