అతుకులు దాచని గ్రంథం: పాలి త్రిపిటక సంకలనం

పవిత్ర గ్రంథం ఎలా పుడుతుందని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. భక్తుడు అది ఒక్కరి నోటినుంచి సంపూర్ణంగా వెలువడిందంటాడు. సంశయవాది నలుగురు కూర్చుని అల్లారంటాడు. నవలాకారుడికి రెండో దారే సులువు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నాటి ‘డ్యూన్’ నవలలో వివిధ మతాల ప్రతినిధులు ఏడేళ్లు సమావేశమై అందరికీ ఒకే గ్రంథం కూరుస్తారు. అసలు చరిత్రలో ఈ పని అంత చప్పున తెమలదు. వినయ, సుత్త, అభిధర్మ పిటకాలతో కూడిన బౌద్ధుల పాలి త్రిపిటకం రూపుదిద్దుకోవడానికి శతాబ్దాలు పట్టింది. ఆ సంగతిని ఆధునిక పండితులు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, పిటకాలే ఒప్పుకుంటున్నాయి. ఆ ఒప్పుకోలే వాటి ప్రామాణ్యానికి ఆధారమని నా వాదన.

వినయపిటకంలోని చుల్లవగ్గ చెప్పే ప్రథమ సంగీతి, అంటే బోధను కలిసి వల్లించిన మొదటి సభ, కథ చూడండి. బుద్ధుని పరినిర్వాణం తరువాత రాజగృహంలో ఐదువందలమంది స్థవిరులు సమావేశమయ్యారు. బుద్ధుని శిష్యుడైన మహాకాశ్యపుడు భిక్షు నియమాలైన వినయాన్ని ఉపాలిని, ధర్మాన్ని ఆనందుణ్ణి అడిగాడు. ఈ కథలో అభిధర్మం ఊసే లేదు. మధ్యలో ఒక చిక్కు వచ్చింది. సంఘం కోరుకుంటే చిన్నచిన్న నియమాలను తీసివేయవచ్చని బుద్ధుడు చివరి ఘడియల్లో అన్నట్టు ఆనందుడు చెప్పాడు. ఏవి చిన్నవి అంటే, ఆ మాట అడగలేదన్నాడు. స్థవిరులు తలోమాట చెప్పారు. ఇప్పుడు నియమాలు సడలిస్తే గురువు చితి పొగ ఆరేదాకానే వీళ్ల నిష్ఠ అని లోకం ఆడిపోసుకుంటుందని కాశ్యపుడు అన్నింటినీ ఉంచేశాడు. అంతా ముగిశాక దక్షిణగిరి నుంచి పురాణుడనే భిక్షువు వచ్చాడు. ఈ పాఠాన్ని అంగీకరించమని స్థవిరులు కోరితే, మీరు బాగానే వల్లించారు గానీ నేను భగవానుని నోట విన్నదాన్ని విన్నట్టే ఉంచుకుంటానన్నాడు. అసమ్మతి చెప్పినవాడి మాటకు ఆ సంగీతి వృత్తాంతంలోనే చోటిచ్చారు.

తరువాతి పొరలూ ఇంతే బాహాటంగా కనిపిస్తాయి. అజాతశత్రువు మునిమనవడైన ముండరాజు రాణి చనిపోయి దుఃఖిస్తుంటే పాటలీపుత్రంలో నారద భిక్షువు ఓదార్చిన సుత్తం సుత్తపిటకంలోని అంగుత్తరనికాయంలో ఉంది. బుద్ధుని తరువాతి కథ అది. సుత్తనిపాతంలోని కొన్ని భాగాలకు వ్యాఖ్యానమైన నిద్దేసం కూడా ఆ పిటకంలోనే చేరింది. ఖుద్దకనికాయంలో ఏ పుస్తకాలు చేరాలన్న విషయంలో దీఘనికాయం వల్లించేవారికీ మజ్ఝిమనికాయం వల్లించేవారికీ కుదరలేదని అట్ఠకథలనే వ్యాఖ్యానాలు రాసి ఉంచాయి. అభిధర్మంలోని కథావత్థు అశోకుని కాలంలో మొగ్గలిపుత్త తిస్సుడు చెప్పినదని సంప్రదాయమే అంటుంది. అందులో ఖండనకు గురైన వాదాల్లో చాలావాటిని అట్ఠకథ ‘అంధకులు’ అనే ఆంధ్రదేశపు శాఖలవారికి అంటగడుతుంది. తథాగతుని బలాలు శ్రావకులకూ ఉంటాయన్నది వాటిలో ఒకటి. ఈ అంధకుల శాఖల్లో ఒకరైన అపరశైలీయులు నాగార్జునకొండ శాసనాల్లోనూ కనిపిస్తారు. మన నేలమీద వర్ధిల్లిన ఆ భిక్షువుల వాదాలు మనకు దక్కింది చాలావరకు ప్రత్యర్థుల పుస్తకాల్లోనే.

ఇలా పెరిగినదాన్ని బుద్ధవచనమని ఎలా అంటారన్నది మొదటి ఆక్షేపణ. ఇది పాతదే. బుద్ధుని తరువాత 218 ఏళ్లకు పుట్టిన కథావత్థును తోసిపుచ్చాలన్న వాదాన్ని అట్ఠసాలిని అనే అభిధర్మ వ్యాఖ్యానం ఎత్తుకుని, చట్రం బుద్ధుడు వేశాడు, విస్తరించింది తిస్సుడు అని బదులిస్తుంది. ఆ సమాధానం భక్తుడికి సరిపోతుంది, చరిత్రకారుడికి చాలదు. అతనికి బలమైన సాక్ష్యం వేరే ఉంది. మరో శాఖవారి మధ్యమాగమం క్రీ.శ. 397-398లో చైనా భాషలోకి వెళ్లింది. దాన్ని పాలి మజ్ఝిమనికాయంతో పోల్చితే సుత్తాల వరుస మారుతుంది, కొన్నిచోట్ల ఊరి పేరు మారుతుంది. ప్రధాన బోధ మాత్రం చాలావరకు కలుస్తుంది. శతాబ్దాలపాటు ఎడంగా ఉన్న రెండు పాఠాలు అంతగా కలిశాయంటే, వల్లెవేసినవారు ఇష్టం వచ్చినట్టు మార్చలేదన్నమాట. పెరుగుదల నిజం, స్వైరవిహారం జరగలేదన్నదీ అంతే నిజం.

సంగీతి కథే కల్పితమైతే దానిమీద వాదం ఎలా నిలుస్తుందన్నది రెండో ఆక్షేపణ. కథలో ప్రతి వివరమూ జరిగిందని నేను అనను. అయితే అధికారం స్థాపించడానికి అల్లిన కథే అయితే ఆనందుడి మరుపు, స్థవిరుల తలోమాట, పురాణుడి నిరాకరణ అందులో ఎందుకు ఉంచుతారు? అవి అందరికీ తెలిసినవి కనుక తీసేయలేకపోయారంటారా? సరే, అప్పుడు సంకలనకర్తల చేతులను సమష్టి జ్ఞాపకం కట్టేసిందని ఒప్పుకున్నట్టే. ఎటు తిరిగినా నిరంకుశమైన కల్పన అన్న మాట నిలవదు.

బుద్ధుని నోట విన్నానని ఎవరైనా ఒక మాట తెస్తే వెంటనే మెచ్చవద్దు, తోసేయవద్దు, సుత్తంతోనూ వినయంతోనూ సరిచూడండి అని మహాపరినిబ్బాన సుత్తం విధిస్తుంది. ప్రామాణ్యం చెప్పినవాడి పేరులో కన్నా సరిచూసే పద్ధతిలో ఉందన్న గ్రహింపు ఇది. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో సింహళంలో పిటకాలను అక్షరబద్ధం చేసినా అలా సరిచూసే అవసరం తీరలేదు. మాండలేలో 729 పాలరాతి పలకలమీద చెక్కినా తీరలేదు. 1954-56లో రంగూన్‌లో జరిగిన ఆరో సంగీతి ప్రతి సింహళ, సయాం, కంబోడియా పాఠభేదాలను పుట అడుగున చూపిస్తుంది. మన గ్రంథాలను అచ్చువేసేవారు నేర్చుకోవలసింది ఇదే. నచ్చిన పాఠాన్ని పైన వేసుకోవచ్చు, నచ్చనిదాన్ని చెరిపే హక్కు మాత్రం సంపాదకుడికి లేదు.