ఆటను నడుమ విడుచుట

తల్లిదండ్రులారా,

పిల్లలు వీడియో ఆటలను నడుమనే విడిచిపెట్టుచున్నారనియు, ఆ యలవాటే చదువునకును సోకుననియు మీలో పలువురు మాతో చెప్పితిరి. ఆట విడుచుట క్రొత్త కాదు. కారణము మాత్రము మారినది.

1980 నాటి ప్యాక్-మ్యాన్ ఆటలో 256వ ఘట్టమున యంత్రము లెక్క తప్పి, తెర సగము చెడిపోవును. ఎంతటి నేర్పరికైనను ముందునకు దారి లేదు. 1985లో జపానున వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్‌లో ఘట్టములు 32. ఆగిన చోటును దాచుకొను వసతి లేదు. యంత్రమును ఆర్పినచో మరల మొదటినుండియే ఆడవలెను. నాడు ఆటయే ఆటగానిని వెలుపలికి నెట్టెను.

నేటి ఫోను ఆగిన చోటును గుర్తుంచుకొనును. కాని 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా వంటి ఆటలలో ఘట్టములు వేలకొలది. ఇంకను చేరుచునే యుండును. నేడు ఆటగాడే విసిగి లేచిపోవును. అంతులేని ఆటను విడుచుట దోషము కాదు, వివేకమే.

చదువు అట్టిది కాదు. పదవ తరగతి వరకు మెట్లెన్నియో మనకు తెలియును. అయినను ఐదవ తరగతి కాగానే బిడ్డకు తెలుగు మాన్పించు ఇండ్లు మనలో గలవు. మనమే నడుమ విడిచి, బిడ్డను ముగింపుమని ఎట్లు మందలింతుము?