కొండమీద ఎసరు

ఎసరు మరుగుట వేరు, మెతుకు ఉడుకుట వేరు. ఈ రెండును ఒకటే యను మన నమ్మకము మైదానమున చెల్లును గాని, కొండ యెక్కినకొలది సడలిపోవును.

మన చుట్టునున్న గాలికి బరువు గలదు. సముద్రమట్టమున అది 760 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసమును నిలుపును. 1648లో ఫ్రాన్సు దేశమున పాస్కల్ కోరికపై అతని బావ పెరియే పాదరసపు గొట్టమును పుయ్ ద డోమ్ కొండపైకి గొనిపోయెను. పైకి పోగా పాదరసము దిగినది. ఎత్తు పెరిగినచో గాలి ఒత్తిడి తగ్గునని తేలినది.

నీటిలో పుట్టిన ఆవిరి ఈ ఒత్తిడిని గెలిచి బుడగలై పైకి వచ్చుటయే మరుగుట. ఒత్తిడి తగ్గినచోట తక్కువ వేడికే నీరు మరుగును. ఇంచుమించు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గును. విశాఖ తీరమున 100 డిగ్రీలకు మరుగు నీరు హైదరాబాదులో 98 డిగ్రీలకే మరుగును. ఈ భేదము వంటయింట తెలియదు. కాని 3,583 మీటర్ల ఎత్తుననున్న కేదారనాథములో అది సుమారు 88 డిగ్రీలే. మంట ఎంత పెంచినను నీరు ఆవిరియై పోవును గాని అంతకు మించి వేడెక్కదు. యాత్రకేగిన గృహిణి ఎసరు త్వరగా మరిగినదని సంతసించును. మెతుకు పట్టి చూచి, పలుకు విడలేదని విస్తుపోవును. తప్పు బియ్యముదియు కాదు, పొయ్యిదియు కాదు.

1835లో ఆండీసు పర్వతములు దాటుచున్న చార్లెస్ డార్విన్ బృందమునకు ఇట్టి అనుభవమే కలిగెను. రాత్రియంతయు నిప్పుపై నుంచి, ఉదయము మరల మరిగించినను బంగాళాదుంపలు ఉడుకలేదు. తోడి పనివారు దోషమంతయు కొత్త కుండదే యని తేల్చిరి!

రుచికిని ఈ చిక్కు తప్పదు. వేడి చాలని నీటిలో తేయాకు సారము చక్కగా దిగదు. విమానము లోపలి ఒత్తిడి సుమారు 2,000 మీటర్ల కొండపై నుండునంతయే. గాలియు మిక్కిలి పొడి. అట్టి స్థితిలో ఉప్పు, తీపి రుచులు నాలుకకు మందగించునని పరిశోధకులు కనుగొనిరి.

ఉపాయము 1679 నాటిదే. ఆ యేట డెనీ పాపిన్ ఆవిరిని బంధించు పాత్రను లోకమునకు చూపెను. నేటి ప్రెషర్ కుక్కరు దాని సంతతియే. మూత బిగించిన కుక్కరులో ఆవిరి తన ఒత్తిడిని తానే పెంచుకొనును. కేదారనాథమునను వేడి 110 డిగ్రీలు దాటును.

కావున కొండయాత్రకేగువారు చిన్న కుక్కరును వెంట గొనిపోవుట మేలు. అది లేనిచో పప్పును, బియ్యమును ముందుగా నానబెట్టి, నీరు మరికొంత పోసి, మూతపెట్టి ఎక్కువసేపు ఉడికింపవలెను. దింపుటకు ముందు బుడగలను నమ్మక, మెతుకు పట్టి చూడవలెను.