ప్రశ్నలు ఎవరు తయారుచెయ్యాలి?

(దిల్‌సుఖ్‌నగర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన ముందున్న ఈ 65వ నంబరు జాతీయ రహదారి వెంట నగరం దాటి పడమటికి పోతే, పటాన్‌చెరు అవతల రుద్రారం వస్తుంది. అక్కడి గీతం విశ్వవిద్యాలయంలో 2021లో ‘కౌటిల్య’ పబ్లిక్ పాలసీ స్కూలు మొదలైంది. రెండేళ్ళ పీజీ కోర్సు. ప్రభుత్వం తీసుకునే నిర్ణయం ఎవరికి అందుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని పరిశీలించే చదువు ఇది.

“దాంతో మనకేం పని?” అని ఒక అక్క అడిగింది. పని ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు దిద్దుకుంటూనే సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. వాళ్ళెవరూ పాలసీ చదువులు చదవలేదు. కానీ 1997లో నిషేధం ఎత్తేసేటప్పుడు ప్రభుత్వం ఖజానా లెక్క చూపించింది. తాగుడికి పోయిన కూలి డబ్బులు, ఒంటిమీద పడిన దెబ్బలు ఆ లెక్కలోకి రాలేదు. ఉద్యమం మనది, లెక్క వాళ్ళది అయింది. అందుకే ఈ చదువు మనకు కావాలి.

ఇవాళ్టి సంగతి చూడండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పథకం, కాపాడుకోవాలి. జీరో టికెట్లు లెక్కపెడితే ఎంతమంది ఎక్కారో తెలుస్తుంది. బస్సు నిండిపోయి ఎల్.బి.నగర్ స్టాపులోనే మిగిలిపోయిన మనిషికి టికెట్టు లేదు, కాబట్టి లెక్కా లేదు. కోచింగ్ అయ్యాక బస్సు దిగి చీకటి సందులో హాస్టలుకు నడిచే పిల్ల భయానికీ లెక్క లేదు. మిగిలిన చార్జీ డబ్బులు ఆమె చేతిలోనే ఉన్నాయా, మొగుడు లాక్కున్నాడా? అదీ టికెట్టు చెప్పదు.

మా బస్తీకి ఒకసారి ఒక సంస్థ పిల్లలు సర్వేకి వచ్చారు. నెలకు ఎంత మిగులుతోందని అడిగారు. ఇళ్ళల్లో పనిచేసే ఒకామె, “ఆదివారం బస్సులు తక్కువ. మాకు ఆదివారం సెలవుంటుందా?” అంది. ఫారంలో ఆ ప్రశ్న లేదని వాళ్ళు రాసుకోలేదు. నివేదిక కూడా మాకు చేరలేదు.

పాలసీ స్కూళ్ళన్నిటినీ మనం అడగాల్సినవి మూడు. ప్రశ్నలు తయారుచేసేటప్పుడే మమ్మల్ని పిలవండి. జవాబు చెప్పడానికి పని మానుకున్న మనిషికి ఆ పూట కూలి ఇవ్వండి. తేలిన సంగతులు తెలుగులో, ఉర్దూలో బస్తీకి వచ్చి చదివి వినిపించండి.

మనం చెయ్యాల్సిందీ ఉంది. ఒక్కొక్కరు ఒక్కో స్టాపు తీసుకుందాం. నెలరోజులు ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎందరు ఎక్కలేకపోయారు నోటుబుక్కులో రాద్దాం. మిగతా లెక్కల కోసం 2005 సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు పెడదాం. ఆ నోటుబుక్కులు పట్టుకుని పాలసీ స్కూలుకూ పోదాం, డిపో మేనేజరు దగ్గరికీ పోదాం.

కొత్తపేట స్టాపు నేను తీసుకుంటున్నాను. మిగతావి ఎవరెవరో ఇప్పుడే చెప్పండి.