అరకు ఇండ్ల అడ్డపట్టెలు

శృంగవరపుకోట దాటి, అనంతగిరి కనుమ ఎక్కి అరకులోయ చేరిన బాటసారికి, కాఫీతోటల తరువాత కంటికింపైనవి గిరిజనుల ఇండ్ల గోడలు. కొండదొరల పల్లె కానీయండి, కోటియల పల్లె కానీయండి, మట్టిగోడకు ఎర్రమట్టి పూత, అడుగున మూరెడెత్తున నల్లనిదో తెల్లనిదో ఒక అడ్డపట్టె. అరుగు అంచున మరొకటి.

ఇది కేవలము అలంకారమనుకొనరాదు. సుమారు 900 మీటర్ల ఎత్తునున్న ఈ లోయలో వానలు దండిగా కురుస్తవి. చూరునీరు నేలను తాకి బురద చిమ్మేది గోడ పాదానికే. మట్టి కరిగేదీ అక్కడే. గోడంతా పూయనక్కరలేక, ఆ పట్టె ఒక్కటి అలికితే చాలును. నల్లని పట్టెపై మరక కానరాదు గదా! తెల్లనిదానిపై వెంటనే కనబడుతుంది. అయినను సుద్ద పూసే ఇల్లాండ్రు అందుకు జంకరు.

గోడ పాదానికి ఈ మన్నన కొత్తది కాదు. మన ఆలయ శిల్పులు అధిష్ఠానాన్ని ఉపానము, జగతి, కుముదము, పట్టిక అని వరుసలుగా మలచినారు. వారు రాతిలో ఉలితో చేసినదానిని ఈ స్త్రీలు మట్టిలో గుడ్డపీలికతో చేస్తారు. కొలబద్ద ఉండదు, గీత కొంచెము వంకర పోయినా ఇంటికి అందమే.

ఇప్పుడు సిమెంటు గోడలు పెరుగుతున్నవి. వానకు అవి కరగవు, పట్టెతో పనిలేదు. అయినను అంగడి రంగుతో అడుగున పట్టె దిద్దించుకొనేవారు ఉన్నారు. ఆ రంగును ఏటేటా అలకనక్కరలేదు. అందుచేత పండుగ ముందు తల్లి పక్కన కూర్చుండి కూతురు ఆ పని నేర్చుకొనే పూట ఒకటి తగ్గిపోయినది.